పదకొండు ఇరవైకి లైన్ క్లియర్

మూడో దెబ్బకి ముసలి డ్రైవరు పన్ను ఒకటి ఊడి టేబుల్ మీద పడింది. నాలుగో దెబ్బ పడబోతుండగా తలుపు తెరుచుకుంది.

వచ్చినావిడ కేకలు వెయ్యలేదు. కంపెనీ సెక్యూరిటీ గార్డు ఎత్తిన రబ్బరు గొట్టాన్ని వెనకనుంచి లాక్కుని, దాంతోనే వాడి మోకాలి మడతలో ఒక్కటిచ్చింది. వాడు గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. రెండో గార్డు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎన్నింటికి మొదలుపెట్టారు?" అని అడిగింది.

ఎనిమిదింటికని వాడు నసిగాడు. గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. ఆవిడ జేబులోంచి నోటుబుక్కు తీసి రెండు టైములూ రాసుకుంది. క్రైమ్ బ్రాంచి ఇన్‌స్పెక్టర్. ఎవరిని ఏమడిగినా 'ఎన్నింటికి' అనే మొదలుపెడుతుంది కాబట్టి డిపార్టుమెంటులో వెనకాల ఎన్నింటికమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. విననట్టే ఉంటుంది.

గార్డులిద్దర్నీ బయటికి పంపి, డ్రైవరుకి మంచినీళ్ళిచ్చింది. ఆయన పుక్కిలించి ఉమ్మితే బకెట్లో నీళ్ళు ఎర్రబడ్డాయి. అరవైకి దగ్గర పడ్డ మనిషి. డిపోలో అందరూ పెద్దాయన అంటారు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడి కన్ను మాత్రం ఆమెను తూకం వేస్తున్నట్టు చూస్తోంది.

ముప్పై ఒక్కేళ్ళు ఆయన ఈ నగరపు రైలు లైను మీద బండి నడిపాడు. ఇప్పుడదే లైనుని డ్రైవర్లు లేని మెట్రోగా మారుస్తున్నారు. పట్టాలు పాతవే, సొరంగమూ పాతదే. బళ్ళు మాత్రం కొత్తవి. ఐదో స్టేషన్ పైనున్న కంట్రోల్ రూమ్‌లో ఒక్క మనిషి కూర్చుని అన్నిటినీ పంపిస్తాడు. ఆదివారాలు ప్రయాణికులకి లైను మూసేసి రోజంతా టెస్టు రైళ్ళు తిప్పుతారు. ప్రారంభానికింకా తొమ్మిది రోజులుంది. నిన్న ఆదివారం పదకొండూ ముప్పై నాలుగుకి, నాలుగో స్టేషన్‌కీ ఐదో స్టేషన్‌కీ మధ్య సొరంగం మలుపులో, ఒక టెస్టు రైలు సిగ్నల్ ఇంజనీరు మీదుగా వెళ్ళిపోయింది. రెండు కాళ్ళూ మోకాళ్ళ పైకంటా తెగాయి. తల వెనక పుర్రె గుంటపడింది. కుడిచేతి బొటనవేలు లేదు. ఆ రైల్లో ఉన్న ఒకే ఒక్క ప్రాణి ఈ పెద్దాయన. నడపడానికి కాదు, నడుస్తుంటే చూడ్డానికి.

"బండి ఎన్నింటికి ఆగింది?"

"ముప్పై నాలుక్కి. కానీ బండి ఆగలేదమ్మా. నేనాపాను."

ఆమె పెన్ను ఆగింది. రైలు ముక్కుకున్న యంత్రకన్ను మనిషిని చూసిందనీ, చూసి తనంతట తనే బ్రేకు వేసుకుందనీ, దూరం చాలక మీద పడిందనీ కంపెనీ రాసిచ్చిన కాగితంలో ఉంది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. మలుపు తిరిగేటప్పుడు కాళ్ళ కింద దబ్‌మని చప్పుడైందట. ముప్పై ఒక్కేళ్ళలో ఆ చప్పుడు రెండుసార్లు విన్నాడు, ఇంకోసారి వింటే పొరబడే ప్రసక్తే లేదు. వెంటనే ఎర్ర హేండిల్ లాగాడు. అప్పటిదాకా బండి వేగం ఇసుమంత కూడా తగ్గలేదు.

"మూడు వారాలుగా ఆ మలుపులో కొయ్యబొమ్మని నిలబెట్టి చూస్తున్నారమ్మా. మూడు వారాలూ బొమ్మ తునాతునకలైంది. చీపురు పెట్టి ఎత్తింది నేనే."

కంపెనీ రికార్డుల్లో మాత్రం మూడు పరీక్షలూ పాసైనట్టుంది. వాటిని ఆమె పొద్దున్నే చూసింది.

గురువారంనాడు కేంటీన్లో ఇంజనీరు కాలరు పట్టుకున్న మాట నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాడు. మా నోటికాడి కూడు లాక్కుంటున్నావని తిట్టాడట కూడా. ఆ సాయంత్రం ఇంజనీరే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ మలుపులో బండికి చూపు ఆనట్లేదని, అది సరయ్యేదాకా తను సంతకం పెట్టేది లేదని, ఎవరు మెడమీద కత్తి పెట్టినా పెట్టేది లేదని చెప్పాడు. అదంతా రిపోర్టుగా రాసి సోమవారం ఇచ్చేస్తానని కూడా అన్నాడు.

"ఆయన సంతకం పెట్టకపోతే బళ్ళు మళ్ళీ మా చేతికొస్తాయి. ఆయన బతికుంటేనే నాకు ఉద్యోగం. అలాంటి మనిషిని నేనెందుకు చంపుకుంటానమ్మా?"

అది కాక ఇంకొకటి ఉంది. నిన్న పదకొండూ అయిదు నుంచి పదకొండూ ఇరవై నాలుగు దాకా ఈయన మొదటి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద బెంచీకి ఆనుకుని ఆవలిస్తున్నట్టు కెమెరాలో ఉంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడు సెక్యూరిటీ చీఫ్ లోపలికొచ్చాడు. తెల్లటి చొక్కా, నున్నగా గీసిన గడ్డం. డీఎస్పీగా రిటైరై కంపెనీలో చేరి రెండేళ్ళయింది. పదిహేనేళ్ళ కిందట ఆమె పోలీసు ఉద్యోగంలో చేరినప్పుడు మొదటి ఆఫీసరు ఈయనే. గోడకి జారబడ్డ తన గార్డుని గుమ్మంలోనే చూసి వచ్చాడు.

"అమ్మాయ్, కేసు డైరీ రాయడం నీకు నేర్పింది నేను," అన్నాడు.

"అందుకే సార్, కొట్టి రాయించిన వాంగ్మూలం ఎలా ఉంటుందో చూడగానే తెలిసిపోతుంది."

ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు. పెద్దాయన రైలాపి, దిగి, పట్టాల పక్కనున్న ఇంజనీరుని కడ్డీతో కొట్టి చక్రాల కిందికి తోశాడని ఆయన వాదన. సాయంత్రంలోగా నేరం ఒప్పిస్తే, నిన్నట్నుంచీ మూసి ఉన్న లైను రేపు మళ్ళీ తెరవొచ్చు. ఇన్‌స్పెక్టర్ మాత్రం పెద్దాయన్ని తీసుకెళ్ళి మలుపు చూడాలంది. సొరంగం తాళాలు చీఫ్ దగ్గరున్నాయి. కోర్టు కాగితం తేవాలంటే పొద్దు పోతుంది. పన్నెండింటికి మలుపు కడిగెయ్యడానికి నీళ్ళ బండికి ఆర్డరు వెళ్ళిపోయిందని ఆమెకి దారిలోనే తెలిసింది. చీఫ్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. పెద్దాయన కుడిచేతికి బేడీ వేసి, రెండో కొస తన ఎడమచేతికే తగిలించుకున్నాడు. అది ఏ చట్టంలోనూ లేదని ఇన్‌స్పెక్టర్ చెప్పింది. లేదని తనకీ తెలుసన్నాడు చీఫ్. గడియారం చూసుకుని ఆమె పళ్ళు బిగించి ఊరుకుంది.

*

కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న కుర్రాడు చనిపోయిన ఇంజనీరుకి స్వయానా బావమరిది. ముప్పై ఏళ్ళుంటాయి. బావే ఈ ఉద్యోగం ఇప్పించాడు, బావే పని నేర్పాడు. శవాన్ని సాయంత్రందాకా ఇవ్వలేమన్నారట. ఇంట్లో కూర్చుని అక్క మొహం చూడలేక డ్యూటీకొచ్చేశానన్నాడు. కొత్త పద్ధతిలో బళ్ళు పంపడం వచ్చినవాళ్ళు ఇద్దరే, రెండోవాడు సెలవులో ఉన్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పొద్దున మార్చురీ వరండాలో వాళ్ళక్క కూడా ఇలాగే, ఏడుపు అయిపోయిన కళ్ళతో కూర్చుని ఉండటం ఇన్‌స్పెక్టర్ చూసింది. ఆవిడ ఒక్కటే అడిగింది. బొటనవేలు దొరికిందా అని.

బావమరిది అడక్కుండానే నిన్నటి పుస్తకం తెరిచి చూపించాడు. పదకొండూ ఇరవైకి ఎదురుగా గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. ఇంజనీరు వాకీటాకీలో పిలిచాడు, పట్టాలు దిగి రిలే గదిలోకి వచ్చేశానన్నాడు, లైన్ క్లియర్ ఇచ్చాడు. ఆ మాటలు రికార్డయ్యాయా అని అడిగితే, పాత రికార్డింగు పెట్టె తీసేశారనీ కొత్తది ఇంకా బిగించలేదనీ చెప్పాడు.

టెస్టు రైళ్ళు బయల్దేరిన టైములు ఆమె వేలు పెట్టి చదివింది. పది నలభై ఆరు, పది యాభై నాలుగు, పదకొండూ రెండు. తరవాతది పదకొండూ ఇరవై నాలుగు.

"ఎనిమిది నిమిషాలకొకటి వెళ్ళాల్సింది. ఇక్కడ ఇరవై రెండు నిమిషాలు ఖాళీ ఎందుకొచ్చింది?"

"బావ పట్టాల మీదున్నాడు కదా మేడమ్. ఆయన క్లియర్ ఇచ్చేదాకా ఎలా పంపిస్తాను?"

సరైన జవాబే. ఆమె తల ఊపింది. అతను మూడు స్టేషన్ల మేర లైను బ్లాక్ చేశానని చెప్పి, తెర మీద ఎర్రగీత చూపించి, చేతికో వాకీటాకీ ఇచ్చాడు. మెట్లు దిగి ముగ్గురూ ఐదో స్టేషన్ ప్లాట్‌ఫారం మీదికి, అక్కణ్ణుంచి సొరంగంలోకి నడిచారు. ఇన్‌స్పెక్టర్ అడుగులు లెక్కపెట్టింది. ప్లాట్‌ఫారం చివర్నుంచి రిలే గది తలుపుకి నూట నలభై.

లైను మీది సిగ్నల్ తీగలన్నీ కలిసే చోటు రిలే గది. పాత రాతిగోడలకి లోపల కొత్తగా ఉక్కురేకు తాపడం చేశారు. నేల తుడిచి ఉంది. మరీ శుభ్రంగా తుడిచి ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, తీగల బీరువా కిందికి టార్చి వేసి, చెంప నేలకి ఆనించి చూసింది. బీరువా కాళ్ళ వెనక, తుడిచిన చెయ్యి అందని చోట, నెత్తురు గడ్డకట్టి నల్లగా ఉంది. అరచేతంత మేర. అందులో రెండు మూడు వెంట్రుకలు.

మలుపు అక్కడికి పాతిక అడుగులు. పట్టాల మీద, కంకర మీద, సుద్దతో గీసిన మనిషి ఆకారం లోపల, నెత్తురు మరకలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రెండు కాళ్ళు తెగిన మనిషి నెత్తురు ఇంతేనా? పొద్దున డాక్టరు చెప్పింది ఇక్కడికొచ్చాక ఆమెకి కళ్ళకి కట్టింది. చక్రాలు మీద పడేటప్పటికే గుండె ఆగి కనీసం ఇరవై నిమిషాలైందన్నాడు. అంటే పదకొండుంబావుకి ముందే చంపేశారు. గదిలో చంపి, ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చి, మెలిక తిరిగే చోట పడుకోబెట్టారు.

చీఫ్‌కి ఆ మాట చెప్పింది. బొటనవేలు సంగతి కూడా చెప్పింది. అది చక్రం కింద నలిగింది కాదు, తీగలు కత్తిరించే కట్టరుతో ఒకే నొక్కుకి తెగింది.

చీఫ్ బేడీ ఉన్న చెయ్యి విసిరాడు. దాంతోపాటు పెద్దాయన చెయ్యీ లేచింది. డాక్టర్లు నోటికొచ్చింది చెబుతారన్నాడు. యంత్రకన్ను పనిచెయ్యలేదనడం ఈ ముసలాయన కట్టుకథ అన్నాడు. చనిపోయిన ఇంజనీరే ఈ మలుపు బాగుందని ఒప్పుకుని, నిన్నే కంప్యూటర్లో వేలిముద్ర వేసి మరీ సర్టిఫికెట్ ఇచ్చాడన్నాడు.

"ఎన్నింటికి?"

"నిన్న పదకొండూ యాభై రెండుకి. కంట్రోల్ రూమ్‌లోనే. నా దగ్గర కాపీ ఉంది. చూపించమంటావా..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. 

"ముప్పై నాలుక్కి మీద నుంచి రైలు పోయిన మనిషి, యాభై రెండుకి ఏ వేలితో ముద్ర వేశాడు సార్?" అంది ఆమె.

చీఫ్ మొహంలో నెత్తురు దిగిపోయింది. ఇంతసేపూ తన చేతికి కట్టి ఉన్న మనిషిని ఆయన మొదటిసారి తిరిగి చూశాడు. వాచిపోయిన కన్నూ, ఊడిన పన్నూ. 

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, పదకొండూ ఇరవైకి ఇంజనీరు గారు ఈ గదిలోంచి వాకీటాకీలో మాట్లాడారని అన్నారు కదా. ఎలా మాట్లాడారు? రేకులు కొట్టినప్పట్నుంచీ ఈ గదిలో వాకీటాకీ పలకదు. ఇదివరకు గోడకి ఫోనుండేది, దాన్నీ పీకేశారు."

ఆమె రిలే గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. బటను నొక్కి కంట్రోల్ రూమ్‌ని పిలిచింది. గరగర కూడా లేదు, చచ్చిన నిశ్శబ్దం. మూడుసార్లు పిలిచింది. బయటికొచ్చి పట్టాల మీద పదడుగులు నడిచి మళ్ళీ పిలిచింది.

"చెప్పండి మేడమ్," అన్నాడు బావమరిది, చెవి పక్కనే ఉన్నట్టు.

"ఇందాక రిలే గదిలోంచి పిలిచాను. వినపడిందా?"

జవాబు వెంటనే రాలేదు. ఆమె మనసులో అంకెలు లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"వినపడలేదు మేడమ్," అన్నాడు చాలా మెల్లిగా.

అడిగిన తరవాత ఆమెకి అర్థమైంది ఏం అడిగిందో. పదకొండూ ఇరవైకి ఎవరూ పిలవలేదు. పిలిచారని రాసుకున్న చెయ్యి ఒక్కటే ఉంది. ఇరవై రెండు నిమిషాలు బళ్ళాపి, మెట్లు దిగి, నూట నలభై అడుగులు వేసి వచ్చి, పని చూసుకుని, మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చున్న మనిషి. మూడు పరీక్షలూ పాసని అవే గుండ్రటి అక్షరాల్లో రాసిందీ అతనే. సర్టిఫికెట్ మీద ముద్రకి బొటనవేలు అవసరమైందీ అతనికే. ఇప్పుడా విషయం తనకి తెలిసిందని అతనికీ తెలిసిపోయింది. తామేమో, లైను బ్లాక్ చేశానని అతను చెప్పిన మాట నమ్మి, అతను నడిపే పట్టాల మీద నిలబడి ఉన్నారు.

ముందుగా గాలి వచ్చింది. నాలుగో స్టేషన్ వైపు నుంచి, మొహం మీద తడిగుడ్డ కప్పినట్టు.

"బండొస్తోంది," అన్నాడు పెద్దాయన. గొంతు పెంచను కూడా లేదు.

ఆమె వెనక తలుపు పదడుగుల్లో ఉంది. ఆ ఇద్దరూ ముందుకి పదిహేనడుగుల్లో, మలుపు నడుమన ఉన్నారు. ఆమె ముందుకే పరిగెత్తింది. పాత సొరంగంలో మనిషి దాక్కోడానికి గోడలో గూళ్ళుండేవి. వాటిల్లో ఇప్పుడు కొత్త కేబుల్ పెట్టెలు బిగించారు. రెండు పెట్టెల నడుమ ఒక మనిషి ఇరుక్కునేంత సందు ఉంది. పెద్దాయన అటు లాగుతున్నాడు. చీఫ్ రిలే గది వైపు లాగుతున్నాడు. గొలుసు బిగుసుకుపోయి ఇద్దరూ పట్టాల మధ్యలో చిక్కుపడ్డారు. చీఫ్ ఏదో అరుస్తున్నాడు గానీ మాటలు లేవు, ఉత్త అరుపు. గోడ మీదికి తెల్లటి వెలుతురు పాకింది.

మాటలు చెప్పే వ్యవధి లేదు. ఆమె ఇనప టార్చి ఎత్తి చీఫ్ దవడ మీద బలంకొద్దీ కొట్టింది. ఆయన మోకాళ్ళు సడలాయి. ఆమె చీఫ్ చొక్కా పట్టుకుని, పెద్దాయన గొలుసు పట్టుకుని, ఇద్దరూ కలిసి ఆ బరువుని సందు వైపు ఈడ్చారు. పెద్దాయన వీపు గోడకి తగిలింది. ఆమె ఆయన మీద పడింది. చీఫ్ నడుందాకా వచ్చాడు.

రైలు వేగం తగ్గించలేదు. ఎముక విరిగిన చప్పుడు అంత హోరులోనూ విడిగా వినిపించింది. ఆమె చెవి పక్కనుంచి ఇనుము బెత్తెడు దూరంలో దూసుకుపోతోంది. పెట్టె తరవాత పెట్టె, లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి. సీట్లకి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. ఒక్క మనిషి లేడు.

వెళ్ళిపోయాక చూస్తే చీఫ్ కుడికాలు మోకాలి కింద లేదు. నెత్తురు కంకర మీదికి ఎగజిమ్ముతోంది. ఆమె తన బెల్టు విప్పి తొడకి బిగించి, టార్చి దూర్చి మెలిపెట్టింది. ఆయన కేక సొరంగం పొడుగునా మోగింది. ఆయన జేబులో తాళంచెవి వెతికి బేడీ విప్పింది.

"బ్లాక్ చేశానన్నాడు... లైను..." అన్నాడు చీఫ్. పెదాలు నీలంగా ఉన్నాయి.

"లైన్ క్లియర్ అని కూడా వాడే అన్నాడు సార్. మాట్లాడకండి."

రైలు కాస్త దూరం పోయి ఆగింది. వెనక రెండు ఎర్రదీపాలు కనిపిస్తున్నాయి. పెద్దాయన వాటినే చూస్తున్నాడు. ఎర్రదీపాలు ఆరిపోయాయి. అదే చోట రెండు తెల్లదీపాలు వెలిగాయి.

పెద్దాయన రిలే గదిలోకి పరిగెత్తాడు. అరవయ్యేళ్ళ మనిషి, గంటన్నర దెబ్బలు తిన్న మనిషి, అంత వడిగా పరిగెత్తగలడని ఆమె అనుకోలేదు. రెండు కొసలా ఇత్తడి పట్టులున్న లావుపాటి రాగితీగ చుట్టని భుజానేసుకుని వచ్చాడు. చీఫ్‌ని లాక్కుని గదిలోకి పొమ్మన్నట్టు ఆమెకి చెయ్యి ఊపి, తను మాత్రం రైలుకి ఎదురుగా ఇరవై అడుగులు వెళ్ళాడు. వంగి ఒక పట్టుని ఎడమ పట్టాకి బిగించాడు. తెల్లదీపాలు పెద్దవవుతున్నాయి. రెండో పట్టు తుప్పు మీద జారింది. కాలి బూటుతో పట్టా గీకి మళ్ళీ బిగించాడు. ఈసారి పట్టుకుంది. ఆయన పక్కకి తప్పుకోలేదు. పట్టు ఊడకుండా దాని మీద కాలేసి నిలబడ్డాడు.

బ్రేకులు కీచుమన్నాయి. రైలు ఊగి, నిట్టూర్చి, ఆయనకి రెండు బారల దూరంలో ఆగిపోయింది.

"రెండు పట్టాల్నీ తీగతో కలిపితే అక్కడ ఇంకో బండి ఉందనుకుంటుందమ్మా పాత సిగ్నలు," అన్నాడు వగరుస్తూ. "కొత్తది పెట్టారు గానీ పాతది ఇంకా పీకలేదు. ప్రారంభం దాకా రెండూ పనిచేస్తాయి. ఈ సంగతి ఆ కుర్రాడికి ఎవరూ చెప్పినట్టు లేదు."

పట్టాల మీదే కూలబడ్డాడు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం అలాగే ఉంచింది.

నడుముకున్న వాకీటాకీ గరగరమంది.

"మేడమ్?" బావమరిది గొంతు. పొడిబారి ఉంది. "మేడమ్, వినపడుతోందా?"

ఆమె బటను నొక్కబోతుండగా అతని వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది. ఆడమనిషి గొంతు. ఆ గొంతుని ఇన్‌స్పెక్టర్ పొద్దున మార్చురీ వరండాలో విన్నది.

"తమ్ముడూ, మీ బావ సొరుగులో అన్నీ తీసుకున్నానురా. అడుగున ఒక కవరుంది. పైన నీ పేరు, మీ కంపెనీ ఎండీ గారి పేరూ రాసున్నాయి. ఏంటిది, విప్పనా?"

వాకీటాకీ కట్టయింది.

అదేమిటో ఇన్‌స్పెక్టర్ పోల్చుకుంది. రిపోర్టు. సోమవారం ఇవ్వడానికి రాసి పెట్టుకున్నది. అందులో ఏముంటుందో ఆ గదిలో ఇద్దరిలో ఒకరికే తెలుసు. మొగుణ్ణి చంపినవాడి పక్కన నిలబడి, వాడి మీద రాసిన కాగితాన్ని ఆవిడ వాడికే చూపిస్తోంది. తలుపు దగ్గర కానిస్టేబుల్ కూడా లేడు. అవసరం లేదని తనే కింద ఉంచేసింది.

ఆమె గుండెలనిండా గాలి పీల్చి వదిలింది. ఎంత కోపమున్నా గొంతులోకి రానివ్వకుండా, ఆఫీసులో ఫైలు అడిగే గొంతుతో మాట్లాడింది. బండేదో తనంతట తనే కదిలినట్టుందని చెప్పింది. కంప్యూటరు తప్పు కావచ్చు, మీరు కంగారు పడకండంది. చీఫ్ గారికి కాలు విరిగింది, అంబులెన్సుకి చెప్పమంది.

"మీ అక్కగారు అక్కడే ఉన్నారా? ఆవిణ్ణి కూర్చోమనండి. ఏ కాగితాలూ ముట్టుకోవద్దనండి, అన్నీ నేనే చూసి రాసుకోవాలి. మేం చీఫ్ గారిని మోసుకుంటూ నెమ్మదిగా వస్తాం. అరగంట పడుతుంది."

"సరే మేడమ్," అన్నాడు. కంగారులో బటను మీద వేలు తియ్యడం మరిచిపోయాడు. అతని ఊపిరి వినిపిస్తోంది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

బెల్టు మెలిక వదలొద్దని పెద్దాయనకి చేత్తోనే సైగ చేసి, ఆమె బూట్లు విప్పి పారేసి, పిస్తోలు చేతిలోకి తీసుకుని, ఆగిన బండికీ గోడకీ మధ్య ఒరుసుకుంటూ దాటి, కంకర మీద పరుగందుకుంది. పాదాలు కోసుకుపోతున్నాయి. నూట నలభై అడుగులు, ఆ పైన మెట్లు. సగం దూరంలో ఉండగా వాకీటాకీలో సన్నగా, తీరిగ్గా, కవరు చింపుతున్న చప్పుడు వినిపించింది.